క్యాన్సర్ వచ్చినవాళ్లు ఎప్పుడూ ధైర్యంగానే ఉండాలా?

[తెర మీద: ఆస్పత్రి మంచం, చుట్టూ బంధువులు, కవర్లో యాపిల్ పండ్లు]

క్యాన్సర్ అని తెలిసిన ఇంటికి పలకరింపుకి వెళ్లినవాళ్లు ఏమంటారో మనందరికీ కంఠతా వచ్చు. "ధైర్యంగా ఉండమ్మా, ధైర్యముంటే సగం జబ్బు తగ్గినట్టే." "మా పిన్ని చూడు, గుండె నిబ్బరంతోనే బయటపడింది." అనేవాళ్లది మంచి మనసే. కానీ విన్న మనిషికి ఆ రాత్రి నిద్రపట్టక ఏడుపొస్తే, దాని వెనకే ఇంకో భయం మొదలవుతుంది: ఇలా ఏడుస్తున్నందుకు జబ్బు ముదిరిపోతుందేమోనని.

ముందు ఆ భయం సంగతి తేల్చేద్దాం. ఆ తర్వాత, క్యాన్సర్ దాటి వచ్చిన కొందరు "నేను మునుపటి మనిషిని కాను, ఒక రకంగా మంచికే మారాను" అంటుంటారు కదా, దాని గురించి మాట్లాడుకుందాం.

[తెర మీద: 1979, లండన్]

లండన్‌లోని కింగ్స్ కాలేజ్ హాస్పిటల్‌లో స్టీవెన్ గ్రీర్ అనే సైకియాట్రిస్టు, ఆయన బృందం కలిసి రొమ్ము క్యాన్సర్ తొలి దశలో ఉన్న 69 మంది ఆడవాళ్లతో మాట్లాడారు. జబ్బుని ఎలా తీసుకున్నారో అడిగి రాసుకున్నారు. ఐదేళ్ల తర్వాత వాళ్లు ఎలా ఉన్నారో చూసి, 1979లో ఆ ఫలితాలు ప్రచురించారు: "దీని అంతు చూస్తాను" అన్నవాళ్లు మెరుగ్గా ఉన్నారు. "నాకంత పెద్ద జబ్బేం లేదు" అని కొట్టిపారేసినవాళ్లూ మెరుగ్గానే ఉన్నారు. "రాసిపెట్టి ఉంది" అని ఊరుకున్నవాళ్లు, ఆశ వదిలేసుకున్నవాళ్లు అంత బాగా లేరు. పోరాట పటిమే క్యాన్సర్‌ని గెలిపిస్తుందన్న మాటకి అక్కణ్ణుంచి బలం వచ్చింది. కొట్టిపారేసినవాళ్ల సంగతి మాత్రం ఏ పోస్టర్ మీదా వేయరు, గమనించారా!

ఇరవై ఏళ్లు గడిచాయి. 1999లో ఇదే ప్రశ్నని 578 మంది మీద మళ్లీ పరిశీలించారు. ఈ బృందంలో గ్రీర్ కూడా ఉన్నారు. తన మాటని తానే పరీక్షకి పెట్టడం అందరూ చేసే పని కాదు. తేలిందేమిటంటే, పోరాట పటిమ ఉన్నవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ కాలం బతకలేదు, లేనివాళ్లు తక్కువ కాలమూ బతకలేదు. బాగా నిరాశలో, డిప్రెషన్‌లో కూరుకుపోయినవాళ్ల పరిస్థితి మాత్రం కొంత అధ్వానంగా ఉంది. అది మనసు చేసిన పనేనా, ఇంకేమైనా ఉందా అన్నది ఈ లెక్కతో తేలదు. ఏదేమైనా డిప్రెషన్‌కి వైద్యం ఉంది కాబట్టి చేయించాల్సిందే. తర్వాత 2007లో నోరు, గొంతు క్యాన్సర్లున్న 1,093 మంది వివరాలు చూసినప్పుడు కూడా, మనసు కుదుటగా ఉండటానికీ ఆయుష్షుకీ సంబంధం కనబడలేదు.

కాబట్టి ఏడిస్తే గడ్డ పెరగదు. భయపడితే కీమో పనిచేయడం మానదు. జబ్బు తిరగబెట్టినవాళ్లు "నేను ధైర్యంగా లేకపోబట్టే కదా" అని తమని తాము తిట్టుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, ఆ మాట వాళ్ల నెత్తిన పెట్టిన మన మీద.

[తెర మీద: ఓపీ దగ్గర వరుస, ఒళ్లో ఫైళ్లు, స్కాన్ కవర్లు]

మరి మనసు దీన్ని ఎలా తట్టుకుంటుంది? హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. లాంటి పెద్ద క్యాన్సర్ ఆస్పత్రిలో ఓపీ దగ్గర కాసేపు కూర్చుంటే ఇలాంటి మాటలు చెవిన పడతాయి: "నాదేముందిలే అక్కా, పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి. ఆ పిల్ల చూడు, చంటిబిడ్డ తల్లి." షెల్లీ టేలర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1983లో అచ్చం ఇదే రాసింది. రొమ్ములో గడ్డ మాత్రమే తీసిన ఆడవాళ్లు, రొమ్ము మొత్తం తీసేసినవాళ్లని చూసి అయ్యో అనుకున్నారట. పెద్ద వయసువాళ్లు చిన్నవాళ్లని చూసి, పెళ్లయినవాళ్లు కానివాళ్లని చూసి. అందరికీ తమకన్నా కష్టంలో ఉన్నవాళ్లు ఎవరో ఒకరు దొరికారు. ఇది పక్కవాళ్ల కష్టానికి సంబరపడటం కాదు. చేజారిపోతున్న బతుకుని మనసు అలా గట్టిగా పట్టుకుంటుంది. అయితే ఈ పోలిక వాళ్లంతట వాళ్లు చేసుకుంటేనే పనికొస్తుంది. "నీకంటే ఘోరంగా ఉన్నవాళ్లు లేరా" అని మనం అంటే కాల్చి వాత పెట్టినట్టే ఉంటుంది.

ఇక మారడం గురించి. అమెరికాలోని నార్త్ కరోలినాలో రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కల్హౌన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు పెద్ద దెబ్బ తిన్న తర్వాత మనుషుల్లో వచ్చే ఎదుగుదలని కొలవడానికి 1996లో 21 ప్రశ్నల కొలబద్ద తయారుచేశారు. అది చూసే మార్పులు ఇవి: నేను అనుకున్నదానికన్నా గట్టిదాన్నని తెలియడం, మనుషులు దగ్గరవడం, రోజువారీ చిన్న సంగతుల విలువ తెలియడం, దైవచింతన, కొత్త దారులు. కొత్త దారి అంటే, నటి గౌతమి రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డాక లైఫ్ అగైన్ ఫౌండేషన్ పెట్టారు, యువరాజ్ సింగ్ యూవీక్యాన్ పెట్టారు, అలాంటివి. అందరూ ఫౌండేషన్లు పెట్టనక్కర్లేదు. ముప్పై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ వడ్డించాకే తిన్న ఆవిడ, ఇప్పుడు ఆకలేసినప్పుడు కంచం పెట్టుకుని తింటోందంటే అదీ మార్పే.

ఆ ప్రొఫెసర్లిద్దరూ ఇలాంటి పెద్ద దెబ్బని భూకంపంతో పోల్చారు. భూకంపం ఎవరికీ మేలు చేయదు. కూలినచోట మళ్లీ కట్టుకునేటప్పుడే ఏదైనా మారుతుంది. అందుకే జబ్బుకి థ్యాంక్స్ చెప్పాల్సిన పని లేదు. ఇంకో సంగతి, ఎదిగామన్నవాళ్లలో బాధ పోదు. మూడు నెలల స్కాన్ దగ్గర పడుతుంటే వాళ్లకీ టెన్షన్ వస్తుంది, రిపోర్టు చేతికొచ్చేదాకా అన్నం దిగదు. ఆ కొలబద్ద మీద విమర్శలూ ఉన్నాయి: నిజంగా మారారా, మారామని అనుకుంటున్నారా అన్నది దాంతో తెలియదని. నాకైతే ఇది న్యాయమైన ప్రశ్నే అనిపిస్తుంది. అసలు ఏ మార్పూ రానివాళ్లు కూడా చాలామంది ఉంటారు. వాళ్లు ఫెయిలైనట్టు కాదు.

[తెర మీద: వార్డులో తండ్రి, కూతురు]

మళ్లీ కట్టుకోవాలంటే ముందు కూలిందని తెలియాలి కదా. మన ఇళ్లల్లో సమస్య ఇక్కడే. "నాన్నకి చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేరు." ఆ నాన్న క్యాన్సర్ ఆస్పత్రిలో, అదే జబ్బున్నవాళ్ల మధ్య పడుకుని ఉంటాడు. ఆయనకి తెలుసు. మీరు తట్టుకోలేరని ఆయనే నటిస్తుంటాడు.

"నాన్నా, నీకేం కాదు" అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. "నాన్నా, భయంగా ఉందా? నాకూ ఉంది" అని చూడండి. ఆయన పొలం కాగితాల గురించి మాట్లాడవచ్చు, అమ్మ గురించి మాట్లాడవచ్చు, ఏమీ మాట్లాడకపోవచ్చు. అడిగి ఊరుకుంటే చాలు, సలహాలొద్దు.

చెప్పుకోవడానికి మనిషి లేకపోతే కాగితం ఉంది. 2002లో అమెరికన్ సైకాలజిస్టు ఆనెట్ స్టాంటన్ బృందం రొమ్ము క్యాన్సర్ వచ్చిన 60 మంది చేత నాలుగేసి సార్లు రాయించింది. మనసులో ఉన్నది రాసినవాళ్లు, జబ్బు తర్వాత కలిగిన మంచి గురించి రాసినవాళ్లు, జబ్బు వివరాలు మాత్రమే రాసినవాళ్లకన్నా తర్వాతి నెలల్లో క్యాన్సర్ ఇబ్బందులతో డాక్టర్ దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. బాధ గురించి తలచుకోవడానికే ఇష్టపడనివాళ్లకి మంచి గురించి రాయడమే ఎక్కువ పనికొచ్చింది. అందరికీ ఒకే మందు కాదు.

రెండు వారాలకి మించి దిగులు వదలకపోయినా, "ఇంక కీమో వద్దు, నన్ను వదిలేయండి" అంటున్నా, చావు మాటలు మాట్లాడుతున్నా అది ధైర్యం చెప్పి సరిపెట్టే విషయం కాదు. ఆస్పత్రిలో కౌన్సిలర్‌ని గానీ సైకియాట్రిస్టుని గానీ అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఫ్రీ, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడవచ్చు. క్యాన్సర్ డాక్టర్లు వాడే సులువైన ప్రశ్న ఒకటుంది: ఈ వారం మీ బాధ సున్నా నుంచి పదిలో ఎంత? నాలుగు, ఆపైన చెబితే ఇంకాస్త లోతుగా అడగాలి. తర్వాతి కీమోకి వెళ్లేటప్పుడు ఆ అంకె ఫైల్లో రాసుకుని వెళ్లండి. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషిని కూడా అదే ప్రశ్న అడగండి.