సలారియా చనిపోయింది సరిహద్దులో కాదు

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, మాజీ సైనికులకు, వారి ఇంటివారికి, పొద్దుటి నుంచి ఎండలో నిలబడ్డ ఎన్‌సీసీ పిల్లలకు నమస్కారాలు. పేరుపేరునా చెప్పడం మర్యాదే కానీ, నాకిచ్చిన పదిహేను నిమిషాలూ అందులోనే అయిపోతాయి. నాకంటే ముందు మాట్లాడినవారికి అలాగే అయిపోయాయి.

ఎల్లుండి డిసెంబరు 7, సాయుధ దళాల పతాక దినోత్సవం. దాని మీదే మాట్లాడమని నన్ను పిలిచారు. కానీ ఇవాళ 5వ తేదీ, కెప్టెన్ సలారియా చనిపోయిన రోజు. ఈ తేదీన ఇంకో మాట ఎలా మాట్లాడను? పైగా నా వెనకాల ఆ ఫ్లెక్సీ ఉంది. ‘దేశ సరిహద్దుల్లో ప్రాణాలర్పించిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియాకు ఘన నివాళి’ అని రాశారు, పక్కన మంచుకొండలు వేశారు. నిర్వాహకుల మీద నాకు కోపం లేదు అని చెప్పాలి. కొంచెం ఉంది. ఆయన చనిపోయినచోట మంచు కురవదు. అది ఆఫ్రికా. కాంగోలోని కటాంగా ప్రాంతం, ఎలిజబెత్‌విల్ నగరం. ఇప్పుడు లుబుంబాషి అంటున్నారు.

పిల్లలూ, సలారియా పేరు ఇంతకుముందు విన్నవాళ్లు చేతులెత్తండి. ఒకరూ లేరు. ఎత్తకపోవడం మీ తప్పు కాదు. ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ని, తప్పెవరిదో నాకు తెలుసు.

1960 జూన్ 30న కాంగోకు బెల్జియం నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. పదకొండు రోజులకే కటాంగా విడిపోయామని ప్రకటించుకుంది. దాని నాయకుడు షోంబే. ఆయన వెనక బెల్జియం గనుల కంపెనీ, కిరాయికి వచ్చిన తెల్ల సిపాయిలు ఉన్నారు. ఎందుకంత ఆరాటం? అక్కడి నేల కింద రాగి ఉంది, కోబాల్ట్ ఉంది. హిరోషిమా బాంబుకు వాడిన యురేనియంలో ఎక్కువ భాగం అక్కడి గనిదే. దేశం ముక్కలు కాకూడదన్న తొలి ప్రధాని లుముంబాను 1961 జనవరిలో చంపేశారు. ఆ తర్వాతే నెహ్రూ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి జెండా కింద సుమారు 3,000 మంది ఉన్న బ్రిగేడ్‌ను పంపింది. సెప్టెంబరులో సమితి ప్రధాన కార్యదర్శి హామర్‌షెల్డ్ ఈ గొడవ చల్లార్చడానికే వెళ్తూ విమాన ప్రమాదంలో పోయారు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. చూడనివ్వండి.

డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్ విమానాశ్రయానికి వెళ్లే దారిని కటాంగా బలగాలు మూసేశాయి. ఆ అడ్డు తొలగించమని ఒకటో గూర్ఖా రైఫిల్స్ మూడో బెటాలియన్‌కు ఆజ్ఞ వచ్చింది. సలారియా వెంట ఉన్నది 16 మంది. అవతల సుమారు 90 మంది, రెండు సాయుధ శకటాలు. రాకెట్ లాంచరుతో ఆ శకటాలను దెబ్బతీసి, తుపాకీ బాయొనెట్లు, కుక్రీలనే గూర్ఖా కత్తులు, గ్రెనేడ్లతో మీదపడ్డారు. అవతల నలభై మంది చనిపోయారని ఆయనకిచ్చిన పరమవీరచక్ర ప్రశంసాపత్రంలో ఉంది. మెడలో తూటాలు దిగినా సలారియా ఆగలేదు, నెత్తురు పోయి కూలిపోయేదాకా పోరాడాడు. నవంబరు 29నే ఆయనకు ఇరవై ఆరేళ్లు నిండాయి. ఆరు రోజులు!

చప్పట్లు వద్దు. ఆ నలభై మంది గురించి కూడా అనుకోవాలి. కంపెనీ జీతం ముట్టిన కిరాయి సిపాయిల మాట వేరు. వారి కింద పనిచేసిన కటాంగా కుర్రవాళ్లలో చాలామందికి ఆ రాగిలో చిల్లిగవ్వ వాటా ఉండదు. ఇలా అంటే సలారియా గొప్పతనం తగ్గుతుందని కొందరికి భయం. నాకు లేదు.

‘మనకెందుకు వాళ్ల గొడవ?’ అని ఇంతకుముందే ఒక పెద్దాయన నా చెవిలో అన్నారు. ఇక్కడే చెబుతాను. సలారియా తండ్రి మున్షీరామ్ కూడా సైనికుడే, బ్రిటిష్ వారి హాడ్సన్స్ హార్స్ అనే అశ్వికదళంలో పనిచేశారు. మన తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం నుంచి ప్రపంచ యుద్ధాలకు వెళ్లినవారిదీ అదే దారి. లండన్‌లో ఎవరో నిర్ణయిస్తే వీరు ఓడ ఎక్కారు. కొడుకు అలా వెళ్లలేదు. స్వతంత్రం వచ్చి పద్నాలుగేళ్లయిన దేశం, ఇంకో కొత్త దేశం ముక్కలు కాకుండా చూడాలని తానే నిర్ణయించి పంపితే వెళ్లాడు. పుట్టిన షకర్‌గఢ్ ప్రాంతం విభజనలో పాకిస్తాన్‌కు పోగా గురుదాస్‌పూర్ చేరిన కుటుంబం వారిది. నేల రెండుగా చీలితే ఏమవుతుందో ఆ ఇంటికి ఒకరు చెప్పాలా? ఈ ముక్క తీసేసి మంచుకొండ పెడితే ఆయన మంచుకొండ మీది బొమ్మగా మిగులుతాడు. నా బాధ అంతా అదే.

మరి ఎందుకు మరిచిపోయాం? పదమూడు రోజులకే గోవాలోకి మన సైన్యం వెళ్లింది, పత్రికలన్నీ అటు తిరిగాయి. ఏడాది తిరక్కుండానే చైనా యుద్ధం. ఆ దెబ్బలో కాంగో ఎవరికి గుర్తుంటుంది! సమితి శాంతిదళాల్లో పరమవీరచక్ర అందుకున్నది ఇప్పటికీ ఆయన ఒక్కడే. 2023 జనవరిలో అండమాన్‌లో 21 దీవులకు పరమవీరుల పేర్లు పెట్టారు, అందులో సలారియా ద్వీపమూ ఉంది. శ్రీకాకుళం నుంచి వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, స్థిరపడ్డ మనవాళ్లు ఎందరో. మీకు బంధువులుంటే ఫోను చేసి అడగండి, ఆ పేరు ఎవరిదో తెలుసా అని.

మూడో వరసలో నీలం చొక్కాలో కూర్చున్న హవల్దారు గారు ఈ మధ్య కాలంలో అదే కాంగోలో సమితి శాంతిదళం నీలిటోపీ పెట్టుకుని పనిచేసి వచ్చారు. ఇవాళ్టి వక్తల జాబితాలో ఆయన పేరు లేదు. నాకింకా నాలుగు నిమిషాలున్నాయి, అవి ఆయనవి. అయ్యా, మొహమాటపడకండి, పైకి రండి. బాబూ, మైకు కొంచెం కిందికి దించు.