పెద్దమ్మకు వచ్చింది, మరి నాకు?

శ్రోతలకు నమస్కారం.

"మా పెద్దమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది డాక్టరుగారూ. నాకు నెల రోజులుగా తలనొప్పి. బ్రెయిన్ ట్యూమరేమోనని టెన్షన్‌గా ఉంది." ఈమధ్య ఓ అమ్మాయి నా ముందు కూర్చుని అన్న మాట ఇది. రాత్రుళ్లు నిద్ర కూడా పట్టడం లేదట.

ఒక తెల్లకాగితం తీసి, వాళ్ల వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు గుండ్రం. తాతయ్యలు, అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్తలు, మేనమామలు, అందరినీ గీస్తాం. క్యాన్సర్ వచ్చినవాళ్ల గుర్తును నల్లగా నింపుతాం. పోయినవాళ్ల మీద అడ్డగీత. పక్కన ఏ భాగానికి వచ్చిందో, ఏ వయసులో వచ్చిందో రాస్తాం.

పెద్దమ్మకు 65 ఏళ్లప్పుడు వచ్చింది. ఆ ఒక్కదానికీ ఈ అమ్మాయి తలనొప్పికీ ముడిపెట్టక్కర్లేదు. బ్రెయిన్ ట్యూమర్లలో వంశపారంపర్య జన్యులోపం వల్ల వచ్చేవి నూటికి 5 నుంచి 10 లోపే. "చివర్లో తలకి కూడా పాకింది" అంటుంటారు చూడండి, అది రొమ్ములోనో ఊపిరితిత్తుల్లోనో పుట్టిన క్యాన్సర్ మెదడుకు చేరడం. మెదడులోనే పుట్టే గడ్డ వేరు.

నాకు గుబులు పుట్టించే కాగితాలు మరోలా ఉంటాయి. ఒకే వైపు బంధువుల్లో ఒకరికి 30 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్, ఒక పిల్లవాడికి ఎముక క్యాన్సర్, ఇంకొకరికి మెదడులో గడ్డ. ఇలాంటి కుటుంబాల గురించి 1969లో అమెరికా డాక్టర్లు ఫ్రెడరిక్ లీ, జోసెఫ్ ఫ్రామేనీ రాశారు. కణాలు అదుపు తప్పకుండా కాపలా కాసే టీపీ53 అనే జన్యువు పాడవడమే దీనికి మూలమని 1990లో తేలింది. తల్లికో తండ్రికో ఆ లోపం ఉంటే ఒక్కో బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం.

మనవైపు ఇంకోటి కూడా అడగాలి: మేనరికమా అని. డీఎన్ఏలో తప్పులు దిద్దే జన్యువుల్లో ఒకే లోపం భార్యాభర్తలిద్దరికీ ఉంటే, అది రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం నాలుగింట ఒకటి. అరుదే గానీ, అలాంటి పిల్లలకు చిన్నతనంలోనే మెదడులో గడ్డలు, బ్లడ్ క్యాన్సర్, పేగు క్యాన్సర్ రావచ్చు. ఒంటిమీద లేత కాఫీరంగు మచ్చలు కనిపిస్తుంటాయి. ఒకటీ రెండూ చాలామందికి ఉండేవే. ఆరు, అంతకుమించి ఉంటే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి.

కుటుంబంలో ఎవరికీ ఏమీ లేకపోయినా, పొద్దున్నే తలనొప్పితో లేచి వాంతులవుతుంటే, పెద్దయ్యాక మొదటిసారి ఫిట్స్ వస్తే, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పుతుంటే ఆలస్యం చేయకండి.

ఆ అమ్మాయికి ఇవేవీ లేవు. కాగితంలో ఒక గుండ్రం దగ్గర మాత్రం నా పెన్ను ఆగింది. "చిన్నత్త జబ్బుచేసి పోయింది" అంది. ఏ జబ్బో తెలియదు. సంబంధాలు చెడతాయని ఇంట్లో ఎవరూ నోరెత్తలేదట. ఎన్ని ఇళ్లలో ఇలా దాచేస్తారో! ఆ అమ్మాయి కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. "నాయనమ్మ ఇంకా ఉందండీ, అడిగి రాసుకొస్తాను" అంది.