హైదరాబాద్ ఎండలకి పీసీలో ఎన్ని ఫ్యాన్లు కావాలి? ఎయిర్‌ఫ్లో, రెండు 120 ఎంఎం ఫ్యాన్ల రివ్యూ

నమస్కారం అండీ. ఎండలు ముదిరాయి. హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం బయట 40 డిగ్రీలు దాటుతుంటే, పై అంతస్తులో ఉండేవాళ్ళకి సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చున్నా గదిలో 35, 36 ఉంటోంది. ఈ సీజన్‌లో నన్ను ఎక్కువ మంది అడిగేది ఒక్కటే. "అన్నా, పీసీ బాగా వేడెక్కుతోంది, ఇంకో మూడు ఫ్యాన్లు వేయించమంటావా?" సికింద్రాబాద్ పార్క్ లేన్‌కి పోయి, కంప్యూటర్ షాపులుండే సీటీసీ కాంప్లెక్స్‌లో ఎక్కడ అడిగినా లైట్ల ఫ్యాన్ల సెట్లు తీసి ముందు పెడతారు. చూడ్డానికి బాగుంటాయి. కానీ ఆ డబ్బు పెట్టే ముందు ఈ వీడియో చివరిదాకా చూడండి.

ఇవాళ టేబుల్ మీద ఒక మెష్ క్యాబినెట్, అంటే ముందు జల్లెడలాంటి వల ఉన్న పీసీ డబ్బా, రెండు ఫ్యాన్లు, ఒకటి ఆర్కిటిక్ పీ12, ఇంకోటి నాక్టువా ఎన్ఎఫ్-ఏ12x25, ఒక అగరబత్తి ప్యాకెట్ ఉన్నాయి. అగరబత్తి ఎందుకో కాసేపట్లో చూపిస్తాను.

ముందు ఒక లెక్క చూద్దాం. గేమ్ ఆడేటప్పుడు మీ పీసీ 400 వాట్లు తీసుకుంటోందనుకోండి. ఆ 400 వాట్లూ చివరికి వేడే అవుతాయి. ఆ వేడిని క్యాబినెట్ బయటికి మోసుకుపోవాల్సింది గాలి. నిమిషానికి 50 ఘనపు అడుగుల గాలి, అంటే ఫ్యాన్ డబ్బాల మీద రాసే భాషలో 50 సీఎఫ్ఎం, నిజంగా క్యాబినెట్ గుండా పోతే, లోపలికి వచ్చిన గాలి బయటికి పోయేసరికి సుమారు 15 డిగ్రీలు వేడెక్కుతుంది. 100 సీఎఫ్ఎం పోతే సుమారు 7 డిగ్రీలే. 200 పోనిస్తే మూడున్నర. గమనించారా? 50 నుంచి 100కి వెళ్తే ఏడెనిమిది డిగ్రీలు తగ్గింది. అక్కడి నుంచి గాలిని మళ్ళీ రెట్టింపు చేస్తే తగ్గేది మూడున్నరే. ఆరు ఫ్యాన్లకి ఇంకో మూడు కలిపితే దక్కేది అంతకన్నా తక్కువ. అదే గదిలో ఏసీ వేసి 36ని 27కి దించితే, ఏ ఫ్యానూ కొనకుండా లోపలి ప్రతి పార్టూ దాదాపు తొమ్మిది డిగ్రీలు దిగుతుంది.

ఇంకో విషయం కూడా ఉంది. బయటి దేశాల రివ్యూలు చూసి "వాళ్ళకి 70 వస్తోంది, నాకు 84 వస్తోంది, కూలర్ పాడైందా?" అని కంగారు పడతారు. వాళ్ళ టెస్ట్ గది 21, 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనది 36. గది ఎన్ని డిగ్రీలు ఎక్కువుంటే చిప్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. అంటే మీ 84, వాళ్ళ 70 ఒకటే. పైగా ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌లో చాలా ప్రాసెసర్లకి కంపెనీ పెట్టిన హద్దు 95 డిగ్రీలు, ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100. 84 చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు. ఆ హద్దు దాకా పోయి స్పీడ్ తగ్గించుకుంటుంటే అప్పుడు ఆలోచించాలి.

సరే, ఫ్యాన్ల కన్నా ముందు మీ క్యాబినెట్ ఎక్కడ ఉందో చూడండి. మన అపార్ట్‌మెంట్లలో ఇంటీరియర్ వాళ్ళు చేసే కంప్యూటర్ టేబుల్‌కి పక్కన సీపీయూ పెట్టుకోవడానికి ఒక అర ఇస్తారు. మూడు వైపులా ప్లైవుడ్, వెనక వైర్లు దూరేందుకు ఒక గుండ్రటి కన్నం, కొన్నిటికి ముందు తలుపు కూడా. అందులో పెడితే వెనక ఫ్యాన్ తోసిన వేడి గాలి చెక్కకి కొట్టుకుని తిరిగి ముందుకొస్తుంది, ముందు ఫ్యాన్లు దాన్నే మళ్ళీ లోపలికి లాగుతాయి. ఇక్కడ ఎన్ని ఫ్యాన్లు వేసినా ఆ వేడి గాలే తిరుగుతూ ఉంటుంది. దయచేసి క్యాబినెట్‌ని ఆ అరలోంచి బయటికి తీయండి. టేబుల్ మీద చోటుంటే మంచిది, లేకపోతే నేల మీద చిన్న స్టాండ్ వేసి పెట్టండి. వెనక గోడకి జానెడు ఖాళీ వదలండి. ఈ వీడియోలో మీరు చేయగలిగిన అన్నిటికన్నా పెద్ద పని ఇదే, పైసా ఖర్చు లేదు.

రెండోది ముందు ప్యానెల్. ముందు మొత్తం గ్లాస్ ఉండి, పక్కన సన్నటి గీతలాంటి సందు ఉన్న క్యాబినెట్లు ఇప్పటికీ చాలా అమ్ముతున్నారు. ఫ్యాన్ అక్కడే ఉంటుంది, దానికి గాలే అందదు. మీ దగ్గర అలాంటిది ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. గేమ్ ఒక అరగంట నడిచాక టెంపరేచర్ చూసుకోండి. ముందు ప్యానెల్ ఊడదీసి, ఇంకో అరగంట అదే గేమ్ ఆడి మళ్ళీ చూడండి. బాగా పడిపోయిందంటే మీకు కావాల్సింది మెష్ క్యాబినెట్, కొత్త ఫ్యాన్లు అక్కర్లేదు. తేడా లేకపోతే క్యాబినెట్ బాగానే ఉందన్నమాట.

ఇప్పుడు అమరిక. ఈ ఫ్యాన్‌ని దగ్గరగా చూడండి. ఈ వైపు బ్లేడ్లు అడ్డం లేకుండా కనిపిస్తున్నాయి కదా, గాలిని ఇటు నుంచి లాగుతుంది. వెనక్కి తిప్పితే, మోటారుని పట్టుకున్న ప్లాస్టిక్ కమ్మీలు, మధ్యలో స్టిక్కర్. గాలి ఇటు నుంచి బయటికి వస్తుంది. కొన్ని ఫ్యాన్ల ఫ్రేమ్ అంచు మీద బాణం గుర్తులు కూడా ఉంటాయి. ఒక జాగ్రత్త చెప్పాలి. అందం కోసం ఈ మధ్య రివర్స్ బ్లేడ్ ఫ్యాన్లు వస్తున్నాయి, వాటిలో ఇది ఉల్టా. అందుకే బిగించాక కళ్ళతో చూసుకోవాలి, అగరబత్తి దానికే. వెలిగించి, పొగ మాత్రమే ఫ్యాన్ దాకా వచ్చేలా, నిప్పు దూరంగా పట్టుకుని ముందు నుంచి మెల్లగా జరపండి. ఇదిగో, పొగ తీగలా సాగి మెష్‌లోకి పోతోంది. వెనక ఫ్యాన్ దగ్గర చూడండి, బయటికి విరజిమ్ముతోంది. ఇప్పుడు పైన, ముందు వైపు మూల దగ్గర పెడుతున్నాను. చూశారా? ముందు ఫ్యాన్ అప్పుడే లోపలికి తెచ్చిన చల్ల గాలిని ఈ పై ఫ్యాన్ ప్రాసెసర్ దాకా పోనివ్వకుండానే బయటికి లాగేస్తోంది.

చాలామంది చేసే అమరిక ఇదే. పైన మూడు చోట్లుంటే మూడూ నింపేస్తారు. ప్రాసెసర్‌ని నీళ్ళతో కాకుండా ఫ్యాన్ గాలితో చల్లబరిచే కూలర్ వాడేవాళ్ళు పైన ముందు వైపు చోటు ఖాళీగా వదిలేయండి. పైన పెట్టాలనుకుంటే వెనక మూలలో ఒక్కటి పెట్టండి, ప్రాసెసర్ కూలర్‌కి సరిగ్గా పైన. ప్రాసెసర్ కూలర్ ఫ్యాన్ కూడా వెనక ఫ్యాన్ వైపే ఊదాలి.

నా మాట అడిగితే, ఎక్కువ మందికి ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి చాలు. గ్రాఫిక్స్ కార్డు పెద్దదైతే ముందు మూడోది, అది కింది చోట్లో. కార్డు తన ఫ్యాన్లతో కింది నుంచే గాలి లాగుతుంది కాబట్టి దాని నోటికి చల్ల గాలి అందించే ఫ్యాన్ అన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది. క్యాబినెట్ అడుగున ఫ్యాన్ పెట్టే చోటుంటే ఇంకా మంచిది.

లోపలికి వచ్చే గాలి ఎక్కువ, బయటికి పోయేది కొంచెం తక్కువ ఉండాలని ఎందుకంటానంటే, మన దుమ్ము కోసం. మన ఊళ్ళో ఏ పక్క చూసినా కొత్త టవర్లు లేస్తున్నాయి, కిటికీ తెరిస్తే సాయంత్రానికి టేబుల్ మీద తెల్లటి పొర. లోపల ఒత్తిడి కాస్త ఎక్కువుంటే గాలి సందుల్లోంచి బయటికే పోతుంది, దుమ్ము ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది. బయటికి తోసే ఫ్యాన్లు ఎక్కువైతే ప్రతి స్క్రూ కన్నం నుంచీ, వెనక స్లాట్ల నుంచీ ఫిల్టర్ లేని గాలి లోపలికి దూరుతుంది. అసలు వెనక దారే లేకుండా ముందు మాత్రం నింపినా లాభం లేదు. ముందు తలుపు తీసి వెనక కిటికీలన్నీ మూస్తే ఇంట్లో గాలి ఆడుతుందా? ఇదీ అంతే.

ఇక ఈ రెండు ఫ్యాన్లు. ఆర్కిటిక్ పీ12 పీడబ్ల్యూఎం, అంటే మదర్‌బోర్డు స్పీడ్ మార్చగలిగే రకం, నిమిషానికి 1800 చుట్లు, అంటే 1800 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, కంపెనీ చెప్పే గాలి 56.3 సీఎఫ్ఎం, అడ్డం ఉన్నా గాలిని తోసే ఒత్తిడి 2.2 మిల్లీమీటర్లు (నీటి మట్టం లెక్కలో). నాక్టువా 2000 ఆర్‌పీఎం, 60.1 సీఎఫ్ఎం, 2.34 మిల్లీమీటర్లు. కాగితం మీద తేడా చాలా తక్కువ. ఈ అంకెలు ముందు అడ్డేమీ లేనప్పటివి. ఫిల్టరు, మెష్ అడ్డం పడితే గాలి బాగా పడిపోతుంది, అక్కడ ఒత్తిడి అంకె అక్కరకొస్తుంది. ఆ విషయంలో రెండూ గట్టివే. శబ్దం మాత్రం డబ్బా చూసి పోల్చలేం. నాక్టువా 22.6 డెసిబెల్స్ అని రాస్తే, ఆర్కిటిక్ 0.3 సోన్ అని వేరే కొలతలో రాస్తుంది.

ఈ నాక్టువా బ్లేడు చివరకీ ఫ్రేముకీ మధ్య సందు చూడండి. అర మిల్లీమీటరు. బ్లేడ్లు వేడికి సాగి ఫ్రేముకి రాసుకోకుండా ఉండే ప్రత్యేకమైన ప్లాస్టిక్‌తో చేస్తే గానీ అంత దగ్గరగా పెట్టలేరు. పనితనం నాకు చాలా నచ్చింది. స్ప్లిటర్, ఎక్స్‌టెన్షన్ కేబుల్, రబ్బరు పిన్నులు కూడా డబ్బాలోనే ఇస్తారు. కానీ ఒక్క నాక్టువా డబ్బుతో ఆర్కిటిక్‌లు కొన్ని వచ్చేస్తాయి. ముందు, వెనక బిగించడానికి నేను ఆర్కిటిక్ కొనమంటాను. పీఎస్‌టీ రకం తీసుకుంటే ఒక ఫ్యాన్ వైరుని ఇంకోదానికి గుచ్చుకుంటూ పోవచ్చు, మదర్‌బోర్డులో ఫ్యాన్ వైరు గుచ్చే పిన్నులు, అంటే హెడర్, ఒక్కటి చాలు. నాక్టువా డబ్బు పెట్టదలిస్తే ప్రాసెసర్ కూలర్ మీద పెట్టండి, ఇరవై నాలుగు గంటలూ మీ చెవి పక్కన తిరిగేది అదే.

ఏది కొన్నా నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యానే తీసుకోండి. నేరుగా పవర్ సప్లై నుంచి వచ్చే మోలెక్స్ కనెక్టర్‌కి తగిలించే సెట్లలో చాలావాటికి స్పీడ్ మన చేతిలో ఉండదు, పొద్దస్తమానం ఒకే మోత. స్పీడ్ తగ్గించడంలో ఎంత సుఖం ఉందో చూడండి. ఫ్యాన్ ఆర్‌పీఎం ఐదో వంతు తగ్గిస్తే గాలీ దాదాపు ఐదో వంతే తగ్గుతుంది, శబ్దం మాత్రం ఇంచుమించు 5 డెసిబెల్స్ దిగుతుంది. మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఎంత స్పీడ్ అన్నది, పెట్టేటప్పుడు మన గది వేడిని లెక్కలోకి తీసుకోండి. డిఫాల్ట్ కర్వ్‌లో 50 డిగ్రీలకే ఫ్యాన్లు పరుగు మొదలుపెడితే, మే నెలలో డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నా అరుస్తూనే ఉంటాయి. 60 దాకా నెమ్మదిగా ఉంచి, 80కి పూర్తి స్పీడ్ వచ్చేలా పెట్టండి. స్టెప్ అప్ టైమ్ అనో, స్మూతింగ్ అనో ఒక ఆప్షన్ ఉంటుంది, దాన్ని కొన్ని సెకన్లకి పెంచితే బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ రయ్యిమని లేవడం ఆగుతుంది.

గదిలో నీళ్ళ కూలర్ వాడేవాళ్ళు దాని గాలి నేరుగా క్యాబినెట్ ముందుకి కొట్టకుండా పక్కకి తిప్పండి. గాలి చల్లగానే ఉంటుంది, కానీ ఆ తేమకి ఫిల్టర్ మీద దుమ్ము పొడిగా రాలకుండా ముద్దలా అతుక్కుంటుంది. ఎండాకాలంలో ఫిల్టర్‌ని రెండు వారాలకోసారి తీసి కుళాయి కింద కడిగి, బాగా ఆరాకే పెట్టండి. బ్లోయర్‌తో లోపల ఊదేటప్పుడు ఫ్యాన్ బ్లేడుని వేలితో పట్టుకోవడం మర్చిపోవద్దు, అంత వేగంగా తిరగనిస్తే బేరింగ్ దెబ్బతింటుంది.

మీ క్యాబినెట్ మోడల్, గ్రాఫిక్స్ కార్డు, పెట్టిన చోటు, గది టెంపరేచర్ కింద రాయండి. గది టెంపరేచర్ రాయకపోతే మిగతా అంకెలతో నేనేమీ చెప్పలేను, అది మాత్రం తప్పకుండా రాయండి.