నార్మల్ అని వచ్చినా నీరసం తగ్గనివాళ్ళ గురించి

మహిళా మండలి అధ్యక్షురాలు గారికి, వేదిక మీదున్న డాక్టరు గారికి, ఇంత ఎండలో వచ్చిన అక్కచెల్లెళ్ళకు, వెనక వరసలో కూర్చున్న అన్నదమ్ములకు నమస్కారం. ఇవాళ మే 25, ప్రపంచ థైరాయిడ్ దినం. థైరాయిడ్ అంటే ఏమిటి, ఎందుకొస్తుంది అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. అది డాక్టరు గారు నాకంటే బాగా చెబుతారు. నేను ప్రభుత్వాసుపత్రి లాబ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరైనదాన్ని. కిటికీ దగ్గర నిలబడి ఏళ్ళ తరబడి రిపోర్టులు అందించాను. అక్కడ చూసిందే చెబుతాను.

రిపోర్టు చేతిలో పెట్టగానే ఎవరైనా మొదట అడిగేది "నార్మలేనా అమ్మా?" అనే. షుగరు వాళ్ళకు నార్మల్ అంటే దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. థైరాయిడ్ మాత్ర వాడుతున్న ఆడవాళ్ళలో కొంతమందికి మాత్రం ఆ మాట వినగానే మొహం వాడిపోయేది. "మరి నాకెందుకమ్మా ఇంత నీరసం?" అని కిటికీ చువ్వలు పట్టుకుని అడిగేవాళ్ళు. జబ్బు ఉంటే బాగుండునని ఎవరు కోరుకుంటారు? ఒంట్లో బాగుండటం లేదన్న మాటకు సాక్ష్యం దొరకలేదే అన్న దిగులు అది. ఇంటికెళ్ళాక వాళ్ళేం వింటారో నాకు తెలుసు. "రిపోర్టు బాగానే ఉందిగా, ఇంకేం రోగం? ఒళ్ళు బద్ధకం."

ఆ మాట మీదే నా కోపం. ఇవాళ నేను వచ్చింది ఆ మాట గురించి చెప్పడానికే.

మనం పరగడుపున మింగే మాత్ర లెవోథైరాక్సిన్. అది థైరాయిడ్ గ్రంథి తయారుచేసే టీ4 అనే హార్మోనే. ఒంట్లోకి వెళ్ళాక అవసరమైనంత టీ3గా, అంటే ఒళ్ళు వాడుకునే హార్మోనుగా, మారితేనే దాని పని జరుగుతుంది. రిపోర్టులో చూసే టీఎస్‌హెచ్ థైరాయిడ్‌కి పని చెప్పే హార్మోను, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. అది సరిగా ఉందంటే మాత్ర డోసు సరిపోయిందని అర్థం. మీరు మెట్లెక్కగలుగుతున్నారా, మధ్యాహ్నం మూడింటికి కళ్ళు మూతలు పడుతున్నాయా అన్నది ఆ అంకెలో ఉండదు. మాత్రతో చాలామంది బాగుపడతారు, అందులో అనుమానం లేదు. కానీ టీఎస్‌హెచ్ నార్మల్‌కి వచ్చాక కూడా నూటికి ఐదు నుంచి పది మందికి నీరసం, మతిమరుపు లాంటివి మిగిలిపోతాయని వైద్యులే రాస్తున్నారు. 2013లో వచ్చిన ఎనిమిది నగరాల సర్వేలో మన హైదరాబాదు కూడా ఉంది. అందులో పెద్దవాళ్ళలో సుమారు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. ఇన్ని లక్షల మందిలో నూటికి ఐదుగురంటే ఎంతమందో మీరే లెక్కేసుకోండి.

మా తోడికోడలి సంగతి చెబుతాను. తను ఒప్పుకుంది కాబట్టే చెబుతున్నాను. ఏళ్ళుగా మాత్ర తప్పకుండా వేసుకునేది. టీఎస్‌హెచ్ ఎప్పుడు చూసినా రెండు, రెండున్నర, అంటే నార్మలే. ఉతికిన బట్టల బకెట్‌తో డాబా ఎక్కుతూ సగం మెట్ల దగ్గర కూలబడిపోయేది. చీర కుచ్చిళ్ళు తడిసిపోతున్నా లేవలేకపోయేది. పిల్లలు ఆమెను దాటుకుంటూ పైకి వెళ్ళిపోయేవాళ్ళు. ఓ పెళ్ళిలో పెద్దత్తగారు పదిమందిలో, "మాత్రలు మింగడం వచ్చు, పని చెయ్యడం రాదు" అన్నారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల నీరసం అన్న మాటే నోట్లోంచి రానివ్వలేదు. డాక్టరు దగ్గర కూడా. అడిగితే "బాగానే ఉందండీ" అనేది.

చివరికి ఓ లేడీ డాక్టరు "నెలసరి ఎన్ని రోజులమ్మా?" అని అడిగారు. అంతకు ముందు ఎవరూ అడగలేదు. వారం పైనే, రక్తం ముద్దలు ముద్దలుగా. హిమోగ్లోబిన్ చూస్తే 7.4, బాగా తక్కువ. స్కానింగులో గర్భసంచిలో గడ్డలు. మాత్ర దాని పని అది చేస్తూనే ఉంది, రక్తం మాత్రం నెలనెలా పోతూనే ఉంది! గడ్డలకు వైద్యం జరిగింది, ఐరన్ మొదలుపెట్టారు. కొన్ని నెలలకు బకెట్ పట్టుకుని ఆగకుండా డాబా ఎక్కింది. ఇంట్లో ఒక్కరు కూడా "పొరపాటున అన్నాం" అనలేదు. అది నేను మర్చిపోలేను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21ది, తీసి చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా! ఇలాంటి చోట థైరాయిడ్ ఒక్కటి చూసి కాగితం మడిచేస్తే ఎలాగమ్మా? బి12 విటమిన్ తక్కువైనా నీరసమే. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకు, శాకాహారులకు అది తగ్గే అవకాశం ఎక్కువ. రాత్రి గురకపెడుతూ ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్ళకు పొద్దున లేస్తూనే అలసట. డిప్రెషన్‌ది కూడా ఇదే వరస. ఇక తెల్లవారుజామున పాలప్యాకెట్టుతో మొదలై రాత్రి గిన్నెలు తోమేదాకా నడుం వాల్చని మనిషికి ఏ మాత్ర సరిపోతుంది? వెనక కూర్చున్న అన్నదమ్ములు ఈ మాట వినాలి.

ఎక్కడికో వెళ్ళిపోయాను, మాత్ర సంగతికి వస్తాను. నీళ్ళతో వేసుకోండి. కాఫీకి, టిఫినుకి అరగంట నుంచి గంట ఆగండి. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. చాలామంది అన్నీ ఒకే గుక్కలో మింగేస్తారు, అప్పుడు థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. డబ్బా పొయ్యి పక్క అలమరలో పెట్టకండి, వేడికి చెడిపోతుంది. డోసు మార్చాక ఆరు వారాలైనా ఆగితేనే రక్తపరీక్షలో సరైన అంకె తెలుస్తుంది. నీరసంగా ఉందని మీ అంతట మీరు డోసు పెంచుకోకండి, ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఏం లాభం లేదని మానేయనూ వద్దు. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసం ఎక్కించడం మొదలుపెట్టాక థైరాయిడ్ బాగా తగ్గిపోయిన ఆయన మొదటి రోగి ఇంకో 28 ఏళ్ళు బతికింది. ఆ రసం చేసిన పనే ఇప్పుడు మన మాత్ర చేస్తోంది, అంత విలువైన మందు ఇది.

అన్నీ చూశాక కూడా కారణం దొరకనివాళ్ళుంటారు. రక్తం బాగుంది, బి12 బాగుంది, నిద్ర బాగుంది, అలసట మాత్రం పోదు. టీ4తో పాటు టీ3 కూడా ఇచ్చి చాలా పరిశోధనలు చేశారు. అందరికీ మేలు చేస్తుందని తేలలేదు. కొందరికి డాక్టరు చూసుకుంటూ ఇచ్చి చూడొచ్చంటారు. వీళ్ళకు ఇవాళ వైద్యం దగ్గర పూర్తి జవాబు లేదు. అలాంటప్పుడు కనీసం ఇంట్లోవాళ్ళయినా నమ్మాలా వద్దా? రుజువు చూపించమని అడగడానికి ఇల్లేమైనా కోర్టా?

అక్కలారా, డాక్టరు "ఎలా ఉందమ్మా" అంటే "బాగానే ఉందండీ" అనకండి. నెలసరి ఎన్ని రోజులు, నిద్ర ఎన్ని గంటలు, ఏ మాత్ర ఎన్నింటికి, ఏ పని దగ్గర ఆగిపోతున్నారు, ఇవన్నీ ఓ కాగితం మీద రాసి చేతికివ్వండి.

నిర్వాహకులకు ఒక విన్నపం. బయట శిబిరంలో టీఎస్‌హెచ్‌కి రక్తం తీస్తున్నారు, సంతోషం. అదే సూదితో ఇంకో గొట్టంలోకి హిమోగ్లోబిన్‌కి కూడా తీయించండి. దానికయ్యే ఖర్చు మా పెన్షనర్ల సంఘంతో మాట్లాడి నేను ఇప్పిస్తాను. పేర్లు రాసుకోవడానికి నేను బల్ల దగ్గరే కూర్చుంటాను. నమస్కారం.