ఇంటర్ మార్కుల వెయిటేజీ: కోదాడలో పోయింది, జగ్గయ్యపేటలో తిరిగొచ్చింది

నమస్తే అండీ. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే హైవే మీద కోదాడ దాటితే కాసేపట్లో జగ్గయ్యపేట వస్తుంది. ఒకటి తెలంగాణ, ఇంకోటి ఆంధ్రా. రెండు ఊళ్లలోనూ ఎంపీసీ పిల్లలు చదివే చదువు ఇంచుమించు ఒకటే. కానీ జగ్గయ్యపేట అమ్మాయి ఇంటర్‌లో తెచ్చుకున్న మార్కులు ఆమె ఎంట్రన్స్ ర్యాంకులో కలుస్తాయి, కోదాడ అమ్మాయివి కలవవు. ఈ తేడా రాష్ట్రం విడిపోయినప్పుడు వచ్చింది కాదు. కరోనా తర్వాత వచ్చింది.

పాత లెక్క మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎంసెట్‌లో 160కి వచ్చిన మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో 600కి వచ్చిన మార్కులకు 25 శాతం, రెండూ కలిపి ర్యాంకు. ఆ 25 శాతం తక్కువేం కాదండీ. ఒకరికి 570, ఇంకొకరికి 480 వచ్చాయనుకోండి. వెయిటేజీలో తేడా 3.75. అంటే ఎంసెట్ పేపర్‌లో సరిగ్గా 8 మార్కులు! మధ్య ర్యాంకుల దగ్గర 8 మార్కులంటే వేల ర్యాంకులు అటూ ఇటూ అయిపోతాయి. కోరుకున్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చేదీ రానిదీ అక్కడే తేలిపోతుంది.

2020లో ఇంటర్ పరీక్షలు దాదాపు అయిపోయాకే లాక్‌డౌన్ పడింది. ఎంసెట్ సెప్టెంబరు దాకా వాయిదా పడినా తెలంగాణలో వెయిటేజీ మాత్రం ఉంది. అసలు దెబ్బ 2021లో తగిలింది. జూన్‌లో రెండు రాష్ట్రాలూ సెకండియర్ పరీక్షలు రద్దు చేశాయి. తెలంగాణలో ఫస్టియర్ మార్కులనే సెకండియర్‌కీ వేసి, ప్రాక్టికల్స్‌కి ఫుల్ మార్కులు ఇచ్చారు. రాయని పరీక్ష మార్కుల్ని ర్యాంకులో ఎలా కలుపుతారు? అందుకే రెండు చోట్లా వెయిటేజీ ఆపేశారు. అది సరైన నిర్ణయమే.

ఆ తర్వాతి బ్యాచ్‌ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌ని అన్నాచెల్లెళ్లు పంచుకుని క్లాసులు విన్న పిల్లలు వాళ్లు. ఫస్టియర్ పరీక్షల్లేకుండానే పై క్లాసుకి పంపి, తెలంగాణలో మళ్లీ 2021 అక్టోబరులో ఆ పరీక్షలే పెట్టారు. 49 శాతం మందే పాసయ్యారు. చివరికి మిగతా అందరినీ కనీస మార్కులతో పాస్ చేయాల్సి వచ్చింది. కాబట్టి 2022లోనూ వెయిటేజీ లేదు.

2023కి పరిస్థితి చక్కబడింది. ఆంధ్రాలో 25 శాతం వెయిటేజీ తిరిగి తెచ్చారు. తెలంగాణలో మాత్రం అదే ఏడాది ఏప్రిల్‌లో జీవో ఇచ్చి శాశ్వతంగా తీసేశారు. కరోనా కోసం చేసిన సర్దుబాటు అక్కడ రూల్‌గా ఉండిపోయింది.

తీసేయడానికి కారణం లేకపోలేదు. సీబీఎస్‌ఈ లాంటి వేరే బోర్డుల పిల్లల మార్కులు ఆలస్యంగా అందేవి, వాళ్ల ర్యాంకులు ఆగిపోయేవి. ఆ తలనొప్పి నిజమే. కానీ అది కాగితాల సమస్య అండీ. దానికోసం రెండేళ్ల చదువుని లెక్కలోంచి తీసేయడం నాకు అన్యాయంగానే అనిపిస్తోంది. పరీక్ష రోజు జ్వరం వచ్చినా, టెన్షన్‌లో పది ప్రశ్నలు తప్పినా, కోచింగ్‌కి వెళ్లే స్తోమత లేక కాలేజీ పాఠాలనే శ్రద్ధగా చదువుకున్నా, ఆ పిల్లలకి కొంచెం అండగా ఉన్నది ఆ 25 శాతమే. ఇప్పుడు మూడు గంటల పరీక్షే సర్వస్వం. వెయిటేజీ తిరిగి తేవాలని తెలంగాణ ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలి.

తెలంగాణ తల్లిదండ్రులకి ఒక్క మాట. వెయిటేజీ లేదు కదా అని పిల్లల్ని ఇంటర్ మార్కులు వదిలేయనివ్వకండి. ఇంజనీరింగ్ సీటుకి గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 40 శాతం ఇప్పటికీ ఉండాలి. జేఈఈ రాసి ఎన్‌ఐటీలో చేరాలన్నా ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకి 65 శాతం) గానీ, బోర్డు టాప్ 20 పర్సంటైల్‌లో చోటు గానీ ఉండాలి. కరోనా మూడేళ్లూ ఆ నిబంధన సడలించారు, 2023 నుంచి మళ్లీ పెట్టారు.