పిల్లలకు పాలు పడకపోతే నర్సరీకి ఇచ్చే కాగితం ఎలా తయారు చేయాలి?

నమస్కారం. పాలు తాగిన అరగంటకో, రెండు గంటలకో కడుపు ఉబ్బరం, నొప్పి, నీళ్ల విరేచనాలు. లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, అరగడం లేదని పిల్లల డాక్టర్ చెప్పారు. మరి బడిలో ఎలా? అందుకు ఒక కాగితం తయారు చేద్దాం. డాక్టర్‌కు చూపించకుండా మాత్రం ఇది మొదలుపెట్టకండి, ఎందుకంటే పాల అలర్జీ వేరు. ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరి అందకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సరే, తెల్ల కాగితం. పైన పాప పేరు, తరగతి, మన ఫోను నంబరు, ఇక్కడ ఫొటో. అయిపోయింది.

ఇప్పుడు కాస్త ఆగండి. నాకు చాలా సమయం పట్టింది ఇక్కడే. "పాలు పడవు" అని ఒక్క ముక్క రాస్తే చాలనిపిస్తుంది. చాలదు. అది చదివిన ఆయా గ్లాసులో పాలు పోయదు, నిజమే. మరి పుట్టినరోజుకు పంచిన పాలకోవా? ఐస్‌క్రీమ్? అవి ఆమెకు పాలలా కనిపించవు కదా! ఇంకోపక్క, పడే పెరుగన్నం కూడా ఆపేస్తుంది. తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది కాబట్టి చాలామంది పిల్లలకు కొద్దిగా పెరుగు పడుతుంది. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. అందుకే మధ్యలో గీత గీయండి, ఇలా. ఎడమవైపు "పెట్టవద్దు", కుడివైపు "పెట్టవచ్చు". రెండు వైపులా పదార్థాల పేర్లే రాయండి. పెరుగు దగ్గర కొలత కూడా రాయండి, ఇంట్లో ఎంత పడుతోందో అంతే. తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. పిల్ల చేతికి తిండి అందించేది ఆయా, ఆమెకు అర్థం కావాలి.

బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో పాలపొడి, మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, ఇవన్నీ పాలవే. అక్షరాలు మరీ చిన్నవి, నేనైతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చదువుతాను. మీరూ అలాగే చేయండి, హాయిగా ఉంటుంది.

జిరాక్స్ షాపులో రెండు ప్రతులు తీయించి లామినేషన్ చేయించండి. ఒకటి టీచర్‌కు, ఒకటి డబ్బాలు విప్పే చోట గోడకు. ఇక డబ్బా సంగతి. పేరు స్టిక్కర్లు కడిగితే ఊడిపోతాయి. స్టీలు సామాన్ల దుకాణంలో పేరు చెక్కించండి, నాకు అదే నచ్చుతుంది, డబ్బాలు తారుమారు కావు.

పుట్టినరోజుల కోసం టీచర్ దగ్గర మెత్తటి మరమరాల ఉండలు ఉంచండి. పల్లీ చిక్కీ వద్దు, గట్టిగా ఉంటుంది, గొంతులో అడ్డుపడవచ్చు. అందరూ కేకు తింటుంటే మన పిల్ల ఖాళీ చేతులతో కూర్చోకూడదు. కాల్షియం కోసం ఇంట్లో నీళ్లతో కాచిన రాగి జావ ఇవ్వండి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

చివరగా, కింద తేదీ. విరేచనాల జబ్బు తర్వాత వచ్చిన లాక్టోజ్ సమస్య చాలావరకు తాత్కాలికమే. డాక్టర్ మళ్లీ చూసి సరేనంటే కాగితం మార్చండి, పాతది గోడ మీద నుంచి తీయించండి.