బెదిరింపు పోస్టర్ వచ్చింది, నమ్మాలా వద్దా?

కిరణ్: అందరికీ నమస్తే, లత అక్క, నేను మళ్ళీ వచ్చేశాం. ఈసారి టాపిక్ అక్కే డిసైడ్ చేసింది. ఫలానా చోట పేల్చేస్తాం, ఫలానా రోజు చూస్కోండి అని టెర్రరిస్టుల పేరుతో పోస్టర్లు, మెయిల్స్ తిరుగుతుంటాయి కదా, వాటి సంగతి. నేనైతే ఒకటే అంటానక్కా, అరిచే కుక్క కరవదు, లైట్ తీస్కోవడమే.

లత: అంతేనంటే ఎపిసోడ్ ఇక్కడే ఆపేసి పోదాం మరి. సగం కరెక్టేలే. అమెరికా ప్రెసిడెంట్‌కి కాపలా ఉండే సీక్రెట్ సర్వీస్ వాళ్ళు ఒక స్టడీ చేశారు, 1949 నుంచి 1996 దాకా అక్కడ నాయకుల మీద, పేరున్న మనుషుల మీద దాడి చేసినవాళ్ళు, చెయ్యడానికి దగ్గరదాకా వెళ్ళినవాళ్ళు, మొత్తం 83 మంది గురించి. వాళ్ళలో ముందే టార్గెట్‌కో పోలీసులకో డైరెక్ట్‌గా బెదిరింపు పంపినవాళ్ళు పదోవంతు కూడా లేరు.

కిరణ్: చూశావా, నేనన్నది అదే!

లత: ఆగు నాయనా. వాళ్ళు టార్గెట్‌కి చెప్పలేదు గానీ చాలామంది ఇంట్లోవాళ్ళ దగ్గరో ఫ్రెండ్స్ దగ్గరో ఏదోరకంగా నోరు జారారు. మనకి చెప్పలేదంతే. అందుకే నేను మొదట చూసేది ఏంటంటే ఈ మాట ఎవరి కోసం రాశారు అని. జనం అందరూ చూడాలని పెట్టిన పోస్టర్ ఉందనుకో, దాని పని మనల్ని భయపెట్టడం, మనం భయపడగానే దాని పని అయిపోయినట్టే, బాంబ్ ఉన్నా లేకపోయినా. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే దొరికిన మాట వేరు.

కిరణ్: కానీ కొన్ని పోస్టర్లలో స్టేడియం పేరు, మ్యాచ్ డేట్ అన్నీ కరెక్ట్‌గా ఉంటాయి కదక్కా. చూస్తే నిజంగా ప్లాన్ ఉన్నట్టే అనిపిస్తది.

లత: మ్యాచ్ షెడ్యూల్ ఎవడికైనా దొరుకుద్ది కదరా! 2018 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి ముందు ఐసిస్ సపోర్టర్లు మెస్సీ ఫొటో మార్ఫ్ చేసి పోస్టర్లు వదిలారు, టోర్నమెంట్ శుభ్రంగా జరిగిపోయింది. 2024 ఏప్రిల్‌లో యూరప్ ఫుట్‌బాల్ ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్స్‌కి స్టేడియాల పేర్లు రాసి మరీ బెదిరించారు, సెక్యూరిటీ పెంచి మ్యాచ్‌లు ఆడించేశారు. అదే ఏడాది ఆగస్టులో వియన్నాలో టేలర్ స్విఫ్ట్ కాన్సర్ట్‌లు మూడూ క్యాన్సిల్ చేశారు చూడు, అది జనంలోకి వదిలిన పోస్టర్ చూసి కాదు, అమెరికా ఇంటెలిజెన్స్ నుంచి సమాచారం వెళ్తే అక్కడి పోలీసులు పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి పట్టుకున్నారు. అందుకే డీటెయిల్స్ ఉన్నాయా అని కాదు, బయటివాడికి తెలిసే ఛాన్స్ లేని డీటెయిల్ ఒక్కటైనా ఉందా అని చూడాలి.

కిరణ్: మరి అధికారులే భయపడిపోతుంటారు కదా ఒక్కోసారి.

లత: అవును, 2015 డిసెంబర్ 15న అదే అయింది. లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ రెండు చోట్లా స్కూళ్ళ వాళ్ళకి ఇంచుమించు ఒకే రకం మెయిల్ వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో స్కూళ్ళన్నీ మూసేశారు, ఆరు లక్షల పైన పిల్లలు. న్యూయార్క్ వాళ్ళు చదివి ఇది ఫేక్ అని పక్కన పెట్టారు, రాసినవాడు అల్లా పేరు కూడా ఇంగ్లీష్‌లో చిన్న అక్షరంతో మొదలెట్టాడు అని కూడా చెప్పారు. చివరికి ఫేకే. నేను మాత్రం లాస్ ఏంజెలెస్ వాళ్ళని తప్పు పట్టను, దగ్గర్లోనే శాన్ బెర్నార్డినోలో 14 మందిని కాల్చి చంపి రెండు వారాలు కూడా కాలేదు, ఎవరికైనా గుండె దడే. కానీ చూడు, ఆ దడ మనలో ఉంది, మెయిల్‌లో కొత్తగా ఏం లేదు. రీసెంట్‌గా ఏదైనా ఘోరం జరిగుంటే అప్పుడొచ్చే ప్రతి చెత్తా నిజంలానే కనపడుద్ది.

కిరణ్: సరే, కానీ మాస్కో సంగతి? అక్కడ ముందే చెప్పారు కదా.

లత: అది మంచి పాయింట్, నీ కుక్క సామెతకి అక్కడే బ్రేక్ పడుద్ది. 2024 మార్చి 7న అక్కడి అమెరికా ఎంబసీ వాళ్ళు రానున్న 48 గంటలు కాన్సర్ట్‌ల లాంటి గుంపుల్లోకి పోవద్దు అన్నారు. పుతిన్ అయితే ఇలాంటివి రెచ్చగొట్టే మాటలు అని కొట్టిపారేశాడు. 22న క్రోకస్ సిటీ హాల్ అనే కాన్సర్ట్ హాల్ మీద దాడి, 140 మందికి పైగా పోయారు. అది టెర్రరిస్ట్ వేసిన పోస్టర్ కాదు, తన పేరు పెట్టుకుని ఒక ఎంబసీ ఇచ్చిన వార్నింగ్, తప్పైతే పరువు పోయేది వాళ్ళకే. పైగా 48 గంటలు గడిచాయి కదా ఏం కాలేదు అంటే ప్రమాదం పోయినట్టు కాదు.

కిరణ్: న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో మసీదుల మీద కాల్పులు జరిపినవాడు కూడా తనే ముందు పోస్ట్ పెట్టాడు కదా?

లత: 2019 మార్చి 15, అవును. దాడికి నిమిషాల ముందు ఒక ఫోరంలో పెట్టాడు, ప్రధాని ఆఫీస్‌కి మెయిల్ కూడా కొట్టాడు. 51 మంది చనిపోయారు. అలాంటి చోట నువ్వూ నేనూ ఫోన్ పట్టుకుని నిజమా ఫేకా అని తేల్చే టైమ్ ఉండదు, మన పని కూడా కాదు. కనపడిందా, లింక్, స్క్రీన్‌షాట్, టైమ్ పోలీసులకి పంపెయ్, వాడికి రిప్లై ఇవ్వకు, నీ స్టోరీలో పెట్టకు. ఇంకా, నీకు తెలిసిన కుర్రాడు ఎవడైనా చాట్‌లో ఇలా మాట్లాడుతున్నాడా, అది ముక్కూ మొహం తెలియని వంద పోస్టర్ల కంటే సీరియస్, జోక్ చేస్తున్నాడేమోలే అని ఊరుకోవద్దు.

కిరణ్: మరి ఫ్యామిలీ గ్రూప్‌లో మావయ్య అందరికీ షేర్ చెయ్యండి అని పెడితే?

లత: గ్రూప్‌లో మాత్రం అనకు, ఇగోకి పోయి ఇంకో నాలుగు పెడతాడు. విడిగా ఫోన్ చేసి ఇది ఎక్కడ చూశావ్ మావయ్యా, అసలు లింక్ పంపు అని అడుగు. ఎక్కువసార్లు లింక్ ఉండదు, ఆయనకి కూడా ఎవరో పంపిందే.

కిరణ్: మా మావయ్య ఈ ఎపిసోడ్ వింటాడక్కా.

లత: వింటే ఇంకా మంచిది, ఫోన్ ఖర్చు మిగిలింది.